రెండు హోస్ పైపులు పట్టుకుని చూడండి

ప్రశ్న: మేముండేది మిన్నెసోటాలో, డులూత్. పోయిన ఆగస్టులో ఇక్కడ ఒక రైతు దగ్గర 1994 ఫోర్డ్ ఎఫ్-150 పికప్ ట్రక్కు కొన్నాను. 4.9 లీటర్ల ఇంజిన్, ఆరు సిలిండర్లు, మాన్యువల్ గేర్లు. బండి రాయిలా ఉంది, నడుపుతుంటే చిన్నప్పటి మా తాతయ్య ట్రాక్టరు గుర్తొస్తుంది. బాధల్లా హీటర్‌తోనే. చల్లగాలి తప్ప ఏమీ రాదు, ఫ్యానేమో జోరుగా తిరుగుతుంది, అంటే ఫ్రిజ్ తలుపు తీసి అందులో మొహం పెట్టి డ్రైవ్ చేస్తున్నట్టుంటుంది. షాపులో చూపిస్తే హీటర్ కోర్ పోయింది, 650 డాలర్లు అవుతుంది అన్నారు. అంత పెట్టలేక వీడియోలు చూసి నేనే 45 డాలర్లకి కొత్త కోర్ కొని వేశాను. ఏ మార్పూ లేదు. ఇప్పుడు ఒక ఫ్రెండ్ వాటర్ పంప్ అంటాడు, ఇంకొకాయన బ్లెండ్ డోర్ అంటారు. ఆఫీసు పార్కింగులో పావుగంట ఇంజిన్ ఆన్ చేసి కూర్చుంటే కాస్త గోరువెచ్చగా వస్తుంది, ఫ్రీవే ఎక్కగానే మళ్ళీ ఐసు. టెంపరేచర్ ముల్లు ఎప్పుడూ అడుగునే ఉంటుంది కాబట్టి ఇంజిన్ వేడెక్కుతుందన్న టెన్షన్ మాత్రం లేదు. జనవరి దగ్గరికొచ్చేసింది, తర్వాత ఏ పార్టు మార్చమంటారు?

జవాబు: ముందు ఏ పార్టూ కొనకండి. మీ ఉత్తరంలో చివరి రెండు మూడు వాక్యాల్లోనే జబ్బు పేరు ఉంది, దాన్ని మీరు "టెన్షన్ లేదు" అని పక్కన పెట్టేశారు.

బండి హీటర్‌లో వేడి పుట్టించేది ఏదీ ఉండదండీ. ఇంట్లో రూమ్ హీటర్‌లాగా కాయిల్ ఏదో ఎర్రగా కాలి గాలిని వేడి చేస్తుందనుకుంటారు చాలామంది. కాదు, ఇంజిన్‌ని చల్లబరచడానికి తిరిగే కూలెంట్‌లో కొంత భాగాన్ని ఒక హోస్ పైపు ద్వారా డాష్‌బోర్డు వెనక్కి తెస్తారు, అక్కడున్న ఒక బుల్లి రేడియేటర్‌లో తిప్పి ఇంకో హోస్ పైపు ద్వారా ఇంజిన్‌కి పంపేస్తారు. ఆ బుల్లి రేడియేటరే మీరు మార్చిన హీటర్ కోర్. ఫ్యాన్ దాని మీదుగా గాలి ఊదుతుంది, అంతే. అంటే ఇంజిన్ వేడెక్కాలి, ఆ వేడి నీళ్ళు కోర్ దాకా రావాలి, గాలి ఆ కోర్ మీదుగా పోవాలి. ఈ మూడింట్లో ఎక్కడ తెగిందో తెలియకుండా పార్టు మారిస్తే చీకట్లో రాయి విసిరినట్టే. ఇప్పుడు మీరు చేసిందీ అదే, కాకపోతే తప్పు మీది కాదు, షాపు వాళ్ళు విసిరిన రాయి మీరు తీసుకెళ్ళి వేశారు.

అయితే ఒక అదృష్టం, మీ మోడల్‌లో హీటర్ కోర్ గ్లవ్ బాక్సు వెనకే ఉంటుంది, గంటలో అయిపోయే పని. 1997లో కొత్త రూపంతో వచ్చిన ఎఫ్-150లో అదే పనికి డాష్‌బోర్డు మొత్తం ఊడదీయాలి. అది చేసి కూడా చల్లగాలి వస్తే మనిషికి ఏడుపొక్కటే తక్కువ.

సరే, ఇప్పుడు పరీక్ష. పైసా ఖర్చు లేదు. రాత్రంతా ఆగి ఉన్న బండికి పొద్దున్నే రేడియేటర్ మూత తీసి కూలెంట్ నిండుగా ఉందో లేదో చూడండి. చల్లగా ఉన్నప్పుడే సుమా. వేడి ఇంజిన్ మీద ఆ మూత తియ్యడమంటే విజిల్ మీదున్న కుక్కర్ మూత లాగడమే, చేతులు మొహాలు కాల్చుకున్నవాళ్ళని కళ్ళారా చూశాను. రిజర్వాయర్ డబ్బాలో మట్టం చూసి నిండుగా ఉందనుకుంటే చాలదు, డబ్బా నిండుగా ఉండి రేడియేటర్ ఖాళీగా ఉన్న బళ్ళు బోలెడు. హీటర్ చల్లబడటానికి అన్నిటికంటే మామూలు కారణం కూలెంట్ తగ్గిపోవడం. కోర్ తరచుగా ఎత్తు మీద ఉంటుంది, నీళ్ళు తగ్గితే ముందు ఎండిపోయేది అదే. మీరు ఈమధ్యే కోర్ మార్చారు కాబట్టి లోపల గాలి చిక్కుకుని ఉండే అవకాశమూ ఉంది.

కూలెంట్ నిండుగా ఉంటే ఇంజిన్ స్టార్ట్ చేసి, హీటర్ మీటను పూర్తిగా వేడి వైపు తోసి, బండిని ఆరుబయట ఇరవై నిమిషాలు ఉంచండి. ఆరుబయటే. గ్యారేజీ తలుపు వేసి ఇంజిన్ తిప్పితే కార్బన్ మోనాక్సైడ్ నిండిపోతుంది, దానికి వాసన ఉండదు, మనిషికి తెలిసేలోపే ప్రాణం పోతుంది. చలికి భయపడి ఈ పని చేసేవాళ్ళు ఏటా ఉంటూనే ఉన్నారు కాబట్టి ఎన్నిసార్లయినా చెబుతాను. తర్వాత బానెట్ ఎత్తి, ఇంజిన్‌కీ క్యాబిన్‌కీ మధ్య ఉన్న రేకు గోడ దగ్గర, అంటే ఫైర్‌వాల్ దగ్గర, లోపలికి వెళ్ళే రెండు హోస్ పైపులు పట్టుకోండి. ఫ్యానుకీ బెల్టుకీ దూరంగా, చేతులు వేలాడే స్వెట్టర్ వేసుకోకుండా. కాలుతుందేమోనని భయమైతే ఇరవై డాలర్లకి ఇన్‌ఫ్రారెడ్ థర్మామీటర్ దొరుకుతుంది, దానితో చూడండి.

రెండు పైపులూ చెయ్యి పెట్టలేనంత వేడిగా ఉంటే నీళ్ళ వైపు ఏ లోపమూ లేదు, తప్పు గాలి వైపు ఉంది. మీ బండిలో వేడి, చల్లదనం మార్చే మీట ఒక కేబుల్ ద్వారా బ్లెండ్ డోర్ అనే రేకు తలుపుని అటూ ఇటూ తిప్పుతుంది. గాలి కోర్ మీదుగా పోవాలా, పక్కనుంచి పోవాలా అని తేల్చేది ఆ తలుపే. మీటను ఈ చివర నుంచి ఆ చివరకి జరుపుతుంటే డాష్‌బోర్డు వెనక తలుపు "టప్" మని తగిలిన చప్పుడు రావాలి. మీట ఉత్తినే వదులుగా తిరుగుతుంటే కేబుల్ ఊడినట్టు. అప్పుడు కోర్ మార్చినా, ఇంజిన్ మార్చినా వేడి రాదు.

ఒక పైపు కాలిపోతూ రెండోది చల్లగా ఉంటే కోర్ పూడుకుపోయింది, లేదా మధ్యలో వాల్వ్ ఉన్న బళ్ళలో ఆ వాల్వ్ మూసుకుపోయింది. లీకులు ఆగుతాయని ఎవరో ఎప్పుడో పోసిన స్టాప్ లీక్ మందు చాలాసార్లు దీనికి కారణం. రేడియేటర్‌లో చిల్లు మూసే మందు కోర్‌లోని సన్న గొట్టాలని మాత్రం ఎందుకు వదిలిపెడుతుంది? కోర్ కొత్తది కాబట్టి మీకిది వర్తించదు గానీ, ఇతర పాఠకుల కోసం చెబుతున్నాను: కొత్త కోర్ కొనేముందు రెండు పైపులూ విప్పి, నీళ్ళు బయటికొచ్చే వైపు నుంచి తోట పైపుతో వెనక్కి కడగండి. మెల్లగా, కుళాయి సగం కూడా తిప్పకుండా. కోర్‌లో మామూలుగా ఉండే ఒత్తిడి పదిహేను పీఎస్ఐ ప్రాంతం, ఇంటి కుళాయి ఒత్తిడి దానికి మూడు నాలుగు రెట్లు ఉంటుంది. జోరుగా వదిలితే పూడిక పోతుందో లేదో గానీ కోర్ మాత్రం పగులుతుంది. ఎర్రటి బురద పోయి తేటనీళ్ళు వచ్చేదాకా కడిగితే చాలాసార్లు అదే సరిపోతుంది.

కోర్ పోయిందని ఖాయంగా చెప్పే గుర్తులు వేరే ఉన్నాయి. పాసింజర్ కాళ్ళ దగ్గర కార్పెట్ తడిగా ఉండటం, లోపల తియ్యటి వాసన, ముందు అద్దం మీద తుడిస్తే పోని జిడ్డు పొర. మీ ఉత్తరంలో వీటిలో ఒక్కటీ లేదు. మరి షాపు వాళ్ళు దేన్ని చూసి కోర్ అన్నారో నాకు అంతుబట్టలేదు.

ఇక మూడోది, మీది ఇదేనని నా నమ్మకం. రెండు పైపులూ గోరువెచ్చగానో చల్లగానో ఉంటాయి. అంటే ఇంజినే వేడెక్కడం లేదు. ఆ తరం ఫోర్డ్ ట్రక్కుల టెంపరేచర్ మీటర్ మీద నార్మల్ అనే ఇంగ్లీషు మాట అక్షరాలు వరసగా ఉంటాయి, ఎన్ నుంచి ఎల్ దాకా. బాగున్న ఇంజిన్‌కి ముల్లు ఆ మాట మధ్యలో ఎక్కడో నిలబడాలి. మీ ముల్లు అడుగునే ఉంది, మీరు దాన్ని ఆరోగ్యం అనుకున్నారు. జ్వరం ఎంత జబ్బో ఒళ్ళు చల్లబడటమూ అంతే జబ్బు. నిలబడి ఉంటే గోరువెచ్చన, ఫ్రీవే మీద ఐసు అన్నారు చూడండి, అది థర్మోస్టాట్ తెరుచుకుని ఉండిపోయిందనడానికి సాక్ష్యం. ఇంజిన్ వేడెక్కేదాకా రేడియేటర్ దారి మూసి ఉంచడమే థర్మోస్టాట్ ఉద్యోగం. అది తెరుచుకుని ఉంటే మొదటి నిమిషం నుంచీ నీళ్ళు రేడియేటర్‌కి పోతాయి, ఫ్రీవే మీద సున్నా డిగ్రీల గాలి దాన్ని కొడుతుంది, ఇంజిన్ ఇక ఏం వేడెక్కుతుంది? వాటర్ పంప్ అయితే కథ తిరగబడుతుంది, ఇంజిన్ రేజ్ చేస్తే వేడి వస్తుంది, నిలబడితే పోతుంది. మీ ఫ్రెండ్‌కి చెప్పండి.

కావాలంటే ఒక చిన్న రుజువు: చల్లటి ఇంజిన్ స్టార్ట్ చేసి రెండు నిమిషాలకే రేడియేటర్ పైభాగానికి వచ్చే హోస్ పైపు పట్టుకోండి. అది మొదటినుంచీ ఇంజిన్‌తో పాటే మెల్లగా వెచ్చబడుతుంటే థర్మోస్టాట్ మూసుకోవడం లేదు. బాగున్న థర్మోస్టాట్ అయితే పై పైపు చాలాసేపు చల్లగా ఉండి, ఉన్నట్టుండి వేడెక్కుతుంది.

థర్మోస్టాట్ పదిహేను డాలర్ల సరుకు. మీ ఇంజిన్‌కి 195 డిగ్రీల ఫారెన్‌హీట్‌ది, అంటే దాదాపు 90 సెల్సియస్‌ది, తీసుకోండి. వేసేముందు గిన్నెలో నీళ్ళు పోసి, దాన్ని దారంతో వేలాడదీసి, పక్కన థర్మామీటర్ పెట్టి మరిగించి చూడండి, 195 దగ్గర నోరు తెరవడం మొదలుపెట్టాలి. కొత్తవీ ఒక్కోసారి పాడుగా వస్తాయి. పాతదాన్ని పరీక్షించాలనుకుంటే మాత్రం ఆ గిన్నె మళ్ళీ వంటింట్లోకి వెళ్ళకూడదు, కూలెంట్‌లోని ఇథిలీన్ గ్లైకాల్ విషం, తియ్యగా ఉంటుంది కాబట్టి కుక్కలూ పిల్లులూ నాకి చచ్చిపోతాయి. నేల మీద ఒలికినదాన్నీ వెంటనే కడిగెయ్యండి. థర్మోస్టాట్ కూర్చునే గూడుని హౌసింగ్ అంటారు, దాని బోల్టులకి ముందురోజు రాత్రే పెనిట్రేటింగ్ ఆయిల్ కొట్టి ఉంచండి, ముప్ఫై ఏళ్ళ తుప్పు అది, బలంగా తిప్పితే తల తెగిపోయి ఆదివారమంతా దానికే పోతుంది. స్ప్రింగు ఉన్న వైపు ఇంజిన్ లోపలికి ఉండాలి, చిన్న గాలి రంధ్రం ఉంటే అది పైకి.

కూలెంట్ తిరిగి పోసేటప్పుడు బండి ముక్కు పైకి ఉండేలా ఏటవాలుగా ఆపండి. డులూత్‌లో వాలు వెతుక్కోనక్కర్లేదు, సరస్సు దగ్గర్నుంచి ఊరంతా కొండెక్కడమే కదా. హ్యాండ్ బ్రేక్ వేసి, చక్రాలకి చెక్కలు పెట్టి, హీటర్ మీట పూర్తి వేడి మీద పెట్టి, ఇంజిన్ చల్లగా ఉన్నప్పుడే మూత తీసి ఉంచి స్టార్ట్ చెయ్యండి. బుడగలు ఆగేదాకా కొద్దికొద్దిగా పోస్తూ ఉండండి. పోసేది సగం కూలెంట్, సగం డిస్టిల్డ్ వాటర్. ఆ పాళ్ళలో ఉంటే మైనస్ 34 ఫారెన్‌హీట్ దాకా గడ్డకట్టదు. కోర్ మార్చినప్పుడు తగ్గినదాన్ని మీరు ఉత్త నీళ్ళతో నింపి ఉంటే మాత్రం ఇవాళే చూసుకోండి. నాలుగైదు డాలర్లకి టెస్టర్ దొరుకుతుంది. నీళ్ళు గడ్డకట్టి ఇంజిన్ బ్లాక్ పగిలితే హీటర్ సంగతి ఇక అడగనక్కర్లేదు.

శనివారం దాకా పని చెయ్యడం కుదరకపోతే ఒక అట్టపెట్టె కోసి రేడియేటర్ ముందు సగానికి అడ్డం పెట్టండి, ముల్లు మీద కన్నేసి ఉంచండి. మోటుగా ఉంటుంది, పనిచేస్తుంది. కానీ దాంతోనే చలికాలం వెళ్ళదీయకండి. చల్లగా తిరిగే ఇంజిన్‌కి కంప్యూటర్ ఇంకా వార్మప్ కాలేదనుకుని పెట్రోలు ఎక్కువ పోస్తూనే ఉంటుంది, మైలేజీ పడిపోతుంది, కాలని పెట్రోలు ఆయిల్‌లో కలుస్తుంది.

ఇదంతా రాసి పంపేలోపే ఆయన పని ముగించి ఫోన్ చేశారు. హౌసింగ్ విప్పి చూస్తే లోపల థర్మోస్టాటే లేదట. చెడిపోవడం కాదు, అసలు లేదు, ఎవరో తీసేసి ఉత్త గ్యాస్కెట్ పెట్టి బిగించారు. నాకు నవ్వాగలేదు. అమెరికా రాకముందు విజయవాడ ఆటోనగర్‌లో నేను పనిచేసిన రోజుల్లో మేం లారీలకి చేసిన పని అచ్చంగా ఇదే. ఎండాకాలం లారీ మరిగి వచ్చిందంటే మేస్త్రీ నోట మొదటి మాట "థర్మోస్టాట్ పీకెయ్ రా". మన ఎండలకి హీటర్ ఎవడికి కావాలి, కాబట్టి ఎవరికీ ఏమీ తెలిసేది కాదు. ఇంజిన్ ఆయుష్షు మాత్రం చడీ చప్పుడు లేకుండా తగ్గిపోయేది. మిన్నెసోటా రైతు కూడా అదే బుద్ధి పుట్టించుకున్నాడన్నమాట.

కొత్తది వేశాక ముల్లు ఆర్ దగ్గర నిలబడిందట, బయట పది డిగ్రీల ఫారెన్‌హీటే ఉన్నా గాలి వచ్చే వెంట్ దగ్గర వంటింటి థర్మామీటర్ 135 ఫారెన్‌హీట్ చూపించిందట. బాగానే ఉంది గానీ ఆయనకి చెప్పినదే ఇక్కడా చెబుతున్నాను. ఎవరూ సరదాకి థర్మోస్టాట్ పీకరు. ఆ రైతు బండి ఎప్పుడో మరిగి ఉంటుంది, రేడియేటర్ సగం పూడి ఉండవచ్చు, ఫ్యాన్ క్లచ్ పోయి ఉండవచ్చు. ఈ మంచులో అది బయటపడదు, జూలైలో వెనక ట్రైలర్ తగిలించి కొండెక్కినప్పుడు బయటపడుతుంది. ఏప్రిల్‌లో ఒకసారి ఇంజిన్ వేడెక్కాక రేడియేటర్ అంతటా ఇన్‌ఫ్రారెడ్ థర్మామీటర్‌తో చూడండి, మధ్యలో చల్లటి మచ్చలుంటే ఆ భాగం పూడినట్టే, రేడియేటర్ మార్చడమే.

ప్రశ్న: మాది ఒహాయో. 2003 మోడల్ పికప్, డ్రైవర్‌కి ఒక టెంపరేచర్, పక్క సీటుకి ఇంకోటి పెట్టుకునే రకం. నా వైపు వేడిగాలి బ్రహ్మాండంగా వస్తుంది, మా ఆవిడ వైపు చల్లగాలి. స్టార్ట్ చేయగానే డాష్‌బోర్డు లోపల టిక్ టిక్ టిక్ అని చప్పుడు. కావాలనే చేశానంటోంది.

జవాబు: మీ కాపురం సంగతి నా వల్ల కాదు గానీ బండి సంగతి తేలికే. ఒక వైపు వేడి వస్తోందంటే ఇంజిన్, థర్మోస్టాట్ బాగున్నట్టే. మీ బండిలో కేబుల్ ఉండదు, ప్రతి వైపు బ్లెండ్ డోర్‌ని ఒక చిన్న ఎలక్ట్రిక్ మోటారు తిప్పుతుంది, దాన్ని యాక్చుయేటర్ అంటారు. లోపల ప్లాస్టిక్ పళ్ళచక్రాలు. ఒక పన్ను విరిగితే చక్రం అక్కడే జారుతూ టిక్ టిక్ మంటుంది, తలుపు ఉన్నచోటే ఉండిపోతుంది.

కొనేముందు బ్యాటరీ నెగెటివ్ వైర్ పది నిమిషాలు తీసి పెట్టండి. మళ్ళీ తగిలించి, కీ ఆన్ చేసి, ఏ బటనూ ముట్టుకోకుండా రెండు నిమిషాలు ఆగండి. ఈ రకం బళ్ళు చాలావాటిలో మోటార్లు తలుపుల్ని ఈ చివర నుంచి ఆ చివరకి తిప్పి తమ స్థానం మళ్ళీ నేర్చుకుంటాయి. చప్పుడు అప్పుడూ వస్తే మోటారు మార్చడమే. పాత మోటారు విప్పాక, తలుపు ఇరుసుని వేళ్ళతో తిప్పి చూడండి. సులువుగా తిరిగితే సరే, బిగుసుకుని ఉంటే మాత్రం కొత్త మోటారు పళ్ళూ నెల్లాళ్ళలో విరుగుతాయి. చప్పుడు లేకుండా ఒక వైపే చల్లగా వచ్చేవాళ్ళు మోటారు జోలికి పోకముందు కూలెంట్ చూసుకోండి, కోర్ సగం పూడినా, నీళ్ళు తగ్గినా కొన్ని బళ్ళలో ఇలాగే ఒక వైపు ముందు చల్లబడుతుంది.

ప్రశ్న: మాది చింతపల్లి. డిసెంబరులో లంబసింగి వచ్చే టూరిస్టుల్ని తెల్లవారుజామున పాత జీపులో తిప్పుతాను. హీటర్ ఉంది, ఎప్పుడూ వెచ్చగా రాలేదు. మేస్త్రీ "మనకి హీటరెందుకన్నా" అంటాడు. రేడియేటర్‌లో ఉత్త నీళ్ళే పోస్తాం.

జవాబు: లంబసింగి చలి తెలిసినవాడెవడూ ఆ మాట అనడు తమ్ముడూ. మొదట ఇంజిన్ దగ్గర్నుంచి హీటర్‌కి వెళ్ళే రెండు హోస్ పైపులు అసలు హీటర్ దాకా వెళ్తున్నాయో లేదో చూడు. మన దగ్గర కోర్ లీకైతే మార్చరు, రెండు కొసలూ ఒకదానికొకటి కలిపేసి క్లిప్పు బిగిస్తారు. అలా ఉంటే కోర్ ఎండిపోయి కూర్చుని ఉంటుంది. పైపులు సరిగానే ఉంటే వాటి దారిలో చిన్న కుళాయిలాంటిది ఉందేమో చూడు, కొన్ని పాత బళ్ళలో ఎండాకాలం కట్టేయడానికి పెడతారు, కట్టినవాడు మళ్ళీ తిప్పడం మర్చిపోతాడు. అదీ కాకపోతే పైన డులూత్ ఆయన కథే నీదీను, థర్మోస్టాట్ ఉందా లేదా అని మేస్త్రీనే సూటిగా అడుగు.

నీళ్ళ బదులు కూలెంట్ పొయ్యమనేది మీ దగ్గర గడ్డకడుతుందని కాదు. ఉత్త నీళ్ళకి లోపలంతా తుప్పు పడుతుంది, ఆ తుప్పే చివరికి కోర్‌లో చేరి పూడుకుపోతుంది. పోసేముందు పాత నీళ్ళు దింపి, ఎర్రనీళ్ళు పోయేదాకా కడిగించు.